లైంగిక ఆరోగ్యంపై ఖనిజాలు, విషలోహాల ప్రభావం

మనిషి లైంగిక ఆరోగ్యం హార్మోనులు, నరాలు, రక్తప్రసరణ, మనస్సు - వీటన్నిటి మీద ఆధారపడి ఉంటుంది. వీటి పనికి కొన్ని ఖనిజ మూలకాలు అతి స్వల్ప పరిమాణంలో అవసరమవుతాయి. జింకు, సెలీనియం, అయోడిన్, ఇనుము వీటిలో ముఖ్యమైనవి. ఇవి లోపిస్తే యుక్తవయసు లక్షణాలు ఆలస్యం కావడం, శుక్రకణాల లోపం, గర్భస్రావం వంటి సమస్యలు కలుగుతాయి. ఇందుకు భిన్నంగా సీసము, కాడ్మియం, పాదరసము అనే లోహాలతో శరీరానికి ఏ పనీ లేదు. ఇవి ఒంట్లో చేరిన కొద్దీ సంతానోత్పత్తి శక్తి దెబ్బతింటుంది. ఈ రెండు రకాల మూలకాలను కలిపి తెలుసుకోవలసిన కారణం ఒకటి ఉన్నది. లైంగిక బలహీనతకు, సంతానలేమికి మన దేశంలో వాడే కొన్ని భస్మాలలో సీసము, పాదరసము ఉంటాయి. అనగా మందు అనుకొని తీసుకొన్నదే కొన్నిసార్లు జబ్బుకు కారణం అవుతున్నది.

లైంగిక ఆరోగ్యం - మూడు వేరు వేరు విషయాలు

వాడుకలో "మగతనం", "నరాల బలహీనత" అనే మాటలలో అనేక సమస్యలను కలిపివేస్తారు. వైద్యశాస్త్రం వీటిని విడదీసి చూస్తుంది. మొదటిది కామేచ్ఛ. ఇది ముఖ్యంగా టెస్టోస్టిరోన్ వంటి హార్మోనులకు, మానసిక స్థితికి సంబంధించినది. రెండవది సంభోగ సామర్థ్యం. పురుషులలో అంగస్తంభన రక్తనాళాలు, నరాలు సక్రమంగా పనిచేయడం వలన జరుగుతుంది. మూడవది సంతానోత్పత్తి శక్తి. ఇది పురుషులలో శుక్రకణాల సంఖ్య, చలనశక్తి, ఆకృతి మీదను, స్త్రీలలో అండం విడుదల, గర్భాశయ స్థితి మీదను ఆధారపడుతుంది. వీర్యంలో ఒక్క శుక్రకణం కూడా లేని పురుషునికి మిగిలిన రెండు విషయాలలో ఏ లోపమూ లేకపోవచ్చు. అందువలన ఒక ఖనిజం "లైంగిక శక్తిని పెంచుతుంది" అని ఎవరైనా చెప్పినప్పుడు, ఈ మూడింటిలో దేనిని పెంచుతుందని అడగవలసి ఉంటుంది.

వృషణాలలో ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుచేత ఏదైనా విషపదార్థం సోకినా, లోపాన్ని సరిదిద్దే చికిత్స మొదలుపెట్టినా, దాని పూర్తి ఫలితం వీర్య పరీక్షలో రెండు మూడు నెలల తరువాత గాని కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన కొలతల ప్రకారం మిల్లీలీటరు వీర్యంలో 1 కోటి 60 లక్షల శుక్రకణాలు కనీస ప్రమాణం. సంతానం లేని జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని వైపు నుండి కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. అయినా మన ఇళ్ళలో సాధారణంగా మొదట పరీక్షలకు వెళ్ళేది స్త్రీయే. వీర్య పరీక్ష చవకైనది, నొప్పి లేనిది. దానితో మొదలుపెట్టడం తెలివైన పని.

జింకు

లైంగిక ఆరోగ్యానికి సంబంధించి అన్నిటికంటె ఎక్కువ పరిశోధన జరిగిన ఖనిజం జింకు. దీనిని సంస్కృతంలో యశదం అంటారు. మనిషికి జింకు లోపం కలుగుతుందని 1960వ దశకానికి ముందు వైద్యులు నమ్మేవారు కాదు. ఈ అభిప్రాయాన్ని మార్చిన వైద్యుడు బీహారులోని బక్సర్‌లో జన్మించిన ఆనంద ప్రసాద్. 1958లో ఆయన ఇరాన్ దేశపు షిరాజ్ నగరంలో పనిచేస్తుండగా ఒక 21 సంవత్సరాల యువకుడిని చూడడం తటస్థించింది. ఆ యువకుడు చూడడానికి పదేళ్ళ బాలునివలె ఉన్నాడు. తీవ్రమైన రక్తహీనత, కాలేయము, ప్లీహము పెరగడం, జననాంగాలు ఎదగకపోవడం అతని లక్షణాలు. అతని ఆహారం దాదాపు పొంగని గోధుమ రొట్టె మాత్రమే. దానితోబాటు రోజుకు అర కిలో వరకు బంకమట్టి తినే అలవాటు కూడా ఉండేది. ఇటువంటి రోగులు ఆ ప్రాంతంలో మరికొందరు కనిపించారు.

రక్తహీనతకు ఇనుము లోపం కారణమని సులభంగానే తెలిసింది. కాని ఇనుము లోపం వలన వృషణాలు ఎదగకుండా పోవడం జంతువులలో ఎక్కడా కనబడలేదు. జింకు లోపించిన జంతువులలో మాత్రం ఎదుగుదల ఆగిపోవడం, వృషణాలు కృశించడం అప్పటికే తెలిసిన విషయాలు. దీని ఆధారంగా ఇది జింకు లోపం కావచ్చునని ప్రసాద్, ఆయన సహచరులు 1961లో ప్రచురించిన వ్యాసంలో ఊహించారు. తరువాత ఆయన ఈజిప్టు వెళ్ళి, అక్కడి గ్రామాలలో ఇదే లక్షణాలు గల యువకులలో జింకు తక్కువగా ఉన్నట్లు పరీక్షల ద్వారా నిరూపించారు. జింకు ఇచ్చిన యువకులు ఒక సంవత్సరంలో 12 నుండి 15 సెంటీమీటర్ల వరకు ఎత్తు పెరిగారు. కొన్ని నెలలలోనే వారి జననాంగాలు సాధారణ స్థాయికి ఎదిగాయి. అయినా తోటి శాస్త్రవేత్తలను ఒప్పించడానికి మరికొన్ని ఏండ్లు పట్టింది. అమెరికాలో జింకుకు దినసరి మోతాదును 1974లో నిర్ణయించారు. ప్రసాద్ ఆ తరువాత జీవితమంతా డెట్రాయిట్‌లో జింకు మీదనే పరిశోధన చేసి, 2022లో మరణించారు.

రొట్టె తింటే జింకు లోపం ఎందుకు రావాలి అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. గోధుమలో జింకు ఉన్నది. కాని ధాన్యపు పై పొరలలో ఫైటేటు అనే పదార్థం కూడా ఉన్నది. ఇది జింకును, ఇనుమును బంధించి ప్రేవులలో ఇంకకుండా చేస్తుంది. పిండిని పులియబెట్టినా, గింజలను నానబెట్టి మొలకెత్తించినా ఫైటేటు కొంతవరకు విచ్ఛిన్నమవుతుంది. మన ఇండ్లలో ఇడ్లీ, దోసెల పిండిని రాత్రంతా పులియబెట్టడం, రాగులను మొలకెత్తించి పిండి కొట్టడం ఈ దృష్టితో చూస్తే ఎంతో మేలైన పద్ధతులు. మాంసం, చేపలు, గ్రుడ్లలోని జింకు శరీరానికి సులభంగా అందుతుంది. శాకాహారులకు పప్పులు, నువ్వులు, గుమ్మడి గింజలు, జీడిపప్పు మంచి ఆధారాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన దినసరి మోతాదు పురుషులకు 17 మిల్లీగ్రాములు, స్త్రీలకు 13.2 మిల్లీగ్రాములు. అమెరికాలో ఇది వరుసగా 11, 8 మిల్లీగ్రాములు మాత్రమే. ధాన్యమే ప్రధానంగా గల భారతీయ ఆహారం నుండి జింకు తక్కువగా ఇంకడం ఈ తేడాకు ముఖ్య కారణం.

వీర్యంలో జింకు సాంద్రత రక్తరసంలో కంటె దాదాపు నూరు రెట్లు ఎక్కువ. ఇందులో అధికభాగం ప్రోస్టేటు గ్రంథి నుండి వస్తుంది. శుక్రకణం తలలో డి.ఎన్.ఎ.ను బిగుతుగా చుట్టి ఉంచే ప్రోటమీన్ అనే ప్రోటీనులను జింకు స్థిరపరుస్తుంది. స్త్రీ వైపు కూడా జింకు పాత్ర ఆసక్తికరమైనది. అండం పరిపక్వమయ్యే సమయంలో కోట్లాది జింకు పరమాణువులను కూడబెట్టుకొని, ఫలదీకరణ జరిగిన వెంటనే వాటిని ఒక్కసారిగా వెలుపలికి వదులుతుంది. దీనిని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2011లో ఎలుక అండాలలోను, 2016లో మానవ అండాలలోను చూపించారు. ప్రతిదీప్తి రంగులతో చూసినప్పుడు ఇది చిన్న మెరుపువలె కనబడుతుంది గనుక దీనికి "జింకు మెరుపు" అని పేరు పెట్టారు.

లోపం ఉన్నవారికి జింకు ఇంత మేలు చేస్తుంటే, లోపం లేనివారికి ఇంకా ఎక్కువ మేలు చేయాలి కదా అని అనిపించవచ్చు. అమెరికాలో 2,370 జంటల మీద జరిగిన పెద్ద అధ్యయనం దీనికి సమాధానం చెప్పింది. సంతానలేమికి చికిత్స పొందుతున్న ఈ జంటలలోని పురుషులలో సగం మందికి ఆరు నెలలపాటు రోజుకు 30 మిల్లీగ్రాముల జింకు, 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఇచ్చారు. మిగిలిన వారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం శుక్రకణాల సంఖ్యలో గాని, చలనంలో గాని, పుట్టిన బిడ్డల సంఖ్యలో గాని తేడా లేదు. పైగా జింకు తీసుకొన్నవారి శుక్రకణాలలో డి.ఎన్.ఎ. విరిగిపోవడం కొంచెం ఎక్కువగా కనిపించింది; కడుపునొప్పి, వికారం కూడా వారిలోనే ఎక్కువ. ఆలిచిప్పలు తింటే కామేచ్ఛ పెరుగుతుందని ఐరోపాలో పాతకాలం నుండి ఒక నమ్మకం ఉన్నది. ఆహార పదార్థాలన్నిటిలో జింకు అత్యధికంగా ఉన్నది వాటిలోనే అన్నది నిజం. కాని ఆ నమ్మకాన్ని బలపరిచే ఋజువు మాత్రం లేదు.

జింకు మాత్రలను ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే ప్రేవులలో రాగి ఇంకడం తగ్గి, రక్తహీనత, కాళ్ళలో తిమ్మిరి వస్తాయి. పెద్దలకు అన్ని ఆధారాల నుండి కలిపి రోజుకు 40 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా పోషకాహార నిపుణుల సూచన.

సెలీనియం

శుక్రకణం తల, తోక కలిసే మధ్యభాగంలో తోకకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు చుట్టలుగా ఉంటాయి. ఆ భాగం నిర్మాణంలో సెలీనియం ఉన్న ఒక ప్రోటీను ముఖ్య పాత్ర వహిస్తుందని 1999లో తెలిసింది. అది అప్పటివరకు కేవలం ఒక ఎంజైముగా తెలిసిన ప్రోటీను. శుక్రకణం పరిపక్వమైన తరువాత అదే గట్టిపడి కణానికి చట్రంగా మారుతుంది. సెలీనియం లోపించిన ఎలుకలలో శుక్రకణాల తోకలు విరిగిపోవడానికి కారణం దీనితో బోధపడింది. గ్లాస్గోలో సెలీనియం తక్కువగా ఉన్న పురుషులపై జరిపి 1998లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో సెలీనియం ఇచ్చినవారి శుక్రకణాల చలనం మెరుగైంది.

సెలీనియం విషయంలో అవసరానికి, విషానికి మధ్య దూరం చాలా తక్కువ. పెద్దలకు రోజుకు సుమారు 55 మైక్రోగ్రాములు సరిపోతాయి. 400 మైక్రోగ్రాములు దాటితే జుట్టు ఊడడం, గోళ్ళు పెళుసుబారడం మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. పంజాబులోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాలలో కొన్ని నేలలలో సెలీనియం అధికంగా ఉండి పశువులకు హాని కలిగించడం నమోదైన విషయమే.

అయోడిన్, ఇనుము

అయోడిన్ లోపం థైరాయిడ్ గ్రంథి ద్వారా పనిచేస్తుంది. థైరాయిడ్ హార్మోను తగ్గిన స్త్రీలలో బహిష్టులు క్రమం తప్పడం, గర్భం నిలువకపోవడం, పుట్టిన బిడ్డకు మందబుద్ధి కలగడం జరుగుతాయి. పురుషులలో కామేచ్ఛ తగ్గుతుంది. హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో 1956లో మొదలైన ప్రసిద్ధ అధ్యయనం ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని చూపించింది. దీనికి నాయకత్వం వహించిన వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో జన్మించిన తెలుగువారు. దీని పర్యవసానంగా భారత ప్రభుత్వం 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఇనుము లోపం వలన రక్తహీనత, నీరసం, వాటితోబాటు ఆసక్తి తగ్గడం అందరికీ తెలిసినవే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంతగా తెలియని విషయం ఏమిటంటే, ఇనుము తగ్గినప్పుడు ప్రేవులు దానిని పట్టుకోవడానికి ఎక్కువ ద్వారాలు తెరుస్తాయి. కాడ్మియం, సీసము కూడా కొంతవరకు ఆ ద్వారాల గుండానే లోపలికి వస్తాయి. కాబట్టి ఒకే నీరు త్రాగి, ఒకే తిండి తినే భార్యాభర్తలలో రక్తహీనత ఉన్న భార్య ఒంటికి విషలోహం ఎక్కువగా చేరవచ్చు.

ఇనుము ఎక్కువైనా ప్రమాదమే. తలసీమియా వ్యాధి ఉన్న పిల్లలకు పదే పదే రక్తం ఎక్కించడం వలన ఇనుము పేరుకొని మెదడు క్రింది భాగంలోని పీయూష గ్రంథి దెబ్బతింటుంది. ఈ గ్రంథి నుండి వచ్చే సంకేతాలు ఆగిపోతే వృషణాలు, అండాశయాలు పనిచేయవు; యుక్తవయసు లక్షణాలు రావు. ఇనుమును తొలగించే మందులు క్రమం తప్పకుండా వాడించడంలో ఉద్దేశ్యాలలో ఇది కూడా ఒకటి.

రాగి

రాగి శరీరానికి అవసరమైన లోహం. అదే రాగి శుక్రకణానికి విషం. ఈ గుణాన్ని చిలీ దేశపు వైద్యుడు హైమే జిప్పర్ 1960వ దశకంలో కుటుంబ నియంత్రణకు ఉపయోగించుకొన్నారు. కుందేళ్ళ గర్భాశయంలో రాగి తీగ, జింకు తీగ ఉంచి చూస్తే రెండూ గర్భాన్ని నిరోధించాయి. అమెరికాకు చెందిన హోవార్డ్ టేటమ్ తయారుచేసిన T ఆకారపు సాధనానికి రాగి తీగను చుట్టగా వచ్చినదే మనకు తెలిసిన కాపర్-టి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా వేసే కాపర్-టి 380ఎ పేరులోని 380 అంకె రాగి ఉపరితల వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో తెలుపుతుంది. ఇది 10 సంవత్సరాలు పనిచేస్తుంది. దీని నుండి విడుదలయ్యే రాగి గర్భాశయానికే పరిమితం. తీసివేసిన తరువాత గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది.

విషలోహాలు పనిచేసే విధానం

విషలోహాలు శరీరంలో బహురూపుల వలె ప్రవర్తిస్తాయి. కాడ్మియం రసాయన లక్షణాలలో జింకును పోలి ఉంటుంది. సీసము కాల్షియం స్థానంలోను, జింకు స్థానంలోను కూర్చుంటుంది. పాదరసము గంధకం, సెలీనియం గల అణువులను గట్టిగా పట్టుకొని విడువదు. దీనివలన ఎంజైములు చేయవలసిన పని ఆగిపోతుంది. సీసము ప్రోటమీన్‌లోని జింకు స్థానాన్ని ఆక్రమిస్తే శుక్రకణం తలలో డి.ఎన్.ఎ. సరిగా చుట్టుకోదు. సాధారణంగా రక్తంలోని విషాలు వృషణాలలోకి పోకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది. కాడ్మియం ఆ గోడనే దెబ్బతీస్తుంది. గర్భిణులలో మాయ కూడా సీసాన్ని, మిథైల్ పాదరసాన్ని ఆపలేదు.

సీసము

ప్రాచీన రోమనులు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రలలో మరగబెట్టి తియ్యని పాకం చేసుకొనేవారు. రోమను కులీన కుటుంబాలలో సంతానం తగ్గిపోవడానికి ఇదే కారణమని గిల్‌ఫిలన్ 1965లో ప్రతిపాదించారు. ఈ వాదం ఎంతో ప్రచారం పొందినా చరిత్రకారులు చాలామంది దీనిని అంగీకరించలేదు. దీనికంటె గట్టి ఆధారాలు 19వ శతాబ్దంలో లభించాయి. ఫ్రెంచి వైద్యుడు కాన్‌స్టాంటిన్ పాల్ 1860లో, అచ్చు అక్షరాల పరిశ్రమలో సీసంతో పనిచేసే స్త్రీలలో గర్భస్రావాలు, మృతశిశువులు అధికమని గమనించారు. సీసం పనిచేసే పురుషుల భార్యలలో కూడా గర్భం నిలువకపోవడం ఆయన దృష్టికి వచ్చింది. అనగా తండ్రి ద్వారా కూడా హాని జరగవచ్చుననే ఆలోచన చాలా పాతది. 1890 దశకంలో ఇంగ్లాండులోని షెఫీల్డు పరిసరాలలో సీసపు లేపనాన్ని మాత్రలుగా చేసుకొని గర్భస్రావం కొరకు మ్రింగే అలవాటు వ్యాపించి, అనేకమంది స్త్రీలు విషప్రభావానికి గురయ్యారు.

సీసం అక్షరాలతో అచ్చువేసే పద్ధతి తెలుగు ముద్రణాలయాలలో కూడా కంప్యూటర్లు వచ్చేవరకు సాగింది. నేడు మన దేశంలో సీసం సోకే ముఖ్యమైన పనులు పాత బ్యాటరీలను పగలగొట్టి కరిగించడం, రంగులు గీకడం, టంకం వేయడం. రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటిన కార్మికులలో శుక్రకణాల సంఖ్య, చలనం తగ్గడం అనేక దేశాలలో కనబడింది. దీర్ఘకాలం సోకితే రక్తపోటు పెరగడం, నరాలు దెబ్బతినడం వలన సంభోగ సామర్థ్యం కూడా తగ్గవచ్చు. స్త్రీలలో ఇంతకంటె చాలా తక్కువ మోతాదే హాని చేస్తుంది. మెక్సికో నగరంలో జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో గర్భిణుల రక్తంలో సీసం ప్రతి 5 మైక్రోగ్రాముల పెరుగుదలకు గర్భస్రావ సంభావ్యత దాదాపు 1.8 రెట్లు అయినట్లు తేలింది.

సీసం ఎముకలలో 20, 30 ఏండ్లపాటు నిలువ ఉంటుంది. గర్భధారణ సమయంలో శిశువు ఎముకల కొరకు తల్లి ఎముకల నుండి కాల్షియం కరుగుతుంది. దానితోబాటు ఎప్పుడో బాల్యంలో చేరిన సీసం కూడా రక్తంలోకి వస్తుంది. కాల్షియం సరిగా అందిన గర్భిణుల రక్తంలో సీసం కొంత తగ్గినట్లు మెక్సికోలోనే జరిగిన మరొక పరిశీలన తెలుపుతున్నది. రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు చేరిన గర్భిణి ఆహారంలో కాల్షియం చాలకపోతే కాల్షియం మాత్రలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

ఇంటిలో సీసం చేరే దారులు కూడా ఉన్నవి. ఉత్తరాదిన పాపిటలో దిద్దే సింధూరంలో సీసపు ఆక్సైడు కలిసే అవకాశం ఉన్నది; పసుపు, సున్నంతో చేసిన కుంకుమలో అది సహజంగా ఉండదు. మసితో చేసే కాటుకకు, సీసపు గంధకిదమైన సురమాకు కూడా ఇదే భేదం. ఇత్తడి పాత్రలకు కళాయి పూసే తగరంలో సీసం కల్తీ జరిగితే చింతపండు పులుసుకు అది కరుగుతుంది. బంగ్లాదేశ్ గ్రామాలలో గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉన్నదని వెదకిన శాస్త్రవేత్తలకు చివరకు దొరికిన దోషి వంటింటి పసుపు. మెరుపు కొరకు పసుపు కొమ్ములకు సీసపు క్రోమేటు పూస్తున్నట్లు 2019లో బయటపడింది. అక్కడి ప్రభుత్వం అంగళ్ళపై దాడులు చేసి కొద్ది కాలంలోనే దీనిని అరికట్టగలిగింది.

కాడ్మియం

కాడ్మియం లవణాన్ని కొద్దిగా సూది ద్వారా ఇస్తే ఎలుకల వృషణాలు పూర్తిగా నశించిపోతాయని చెకొస్లొవేకియా శాస్త్రవేత్త పారిజెక్ 1956లో చూపించారు. ముందుగా జింకు ఇస్తే ఈ హాని జరగకపోవడం ఆయన కనుగొన్న మరొక విశేషం. మనుషులకు ఇంత మోతాదు సోకడం అరుదు. పొగ త్రాగేవారికి కాడ్మియం చేరే ముఖ్య మార్గం పొగాకు. ఒక సిగరెట్టులో 1 నుండి 2 మైక్రోగ్రాముల కాడ్మియం ఉంటుంది. ఊపిరితిత్తుల ద్వారా చేరినది మూత్రపిండాలలో 10 నుండి 30 సంవత్సరాలు నిలిచి ఉంటుంది. పొగ త్రాగేవారిలో శుక్రకణాలు, అంగస్తంభన దెబ్బతినడానికి అనేక కారణాలున్నాయి. కాడ్మియం వాటిలో ఒకటి మాత్రమే.

తెలుగువారికి కాడ్మియం మరొక పేరుతో పరిచయం. "కె.డి.ఎం. నగలు" అనే మాట బంగారాన్ని కాడ్మియంతో కలిపి చేసిన టంకం నుండి వచ్చింది. ఈ టంకం వాడితే నగ స్వచ్ఛత తగ్గదు గనుక వర్తకులు దీనిని గొప్పగా ప్రకటించేవారు. నగ ధరించినవారికంటె, దానిని అతికేటప్పుడు వెలువడే కాడ్మియం పొగను పీల్చిన స్వర్ణకారులకే దీనివలన అసలు ముప్పు. తరువాత కాడ్మియం స్థానంలో జింకు మొదలైన లోహాలతో చేసిన టంకం వచ్చింది. పేరు మాత్రం కొన్ని దుకాణాలలో మిగిలిపోయింది.

పాదరసము, మాంగనీసు, ఇతరాలు

జపానులోని మినమాత పట్టణంలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా ప్రజలకు చేరింది. ఈ వ్యాధిని 1956లో గుర్తించారు. తల్లులలో లక్షణాలు అంతగా కనిపించకపోయినా పుట్టిన శిశువుల మెదడు తీవ్రంగా దెబ్బతిన్నది. కాలుష్యం తారస్థాయిలో ఉన్న 1955-59 మధ్య ఆ పట్టణంలో మగశిశువుల జననాలు తగ్గినట్లు తరువాతి లెక్కలలో తేలింది. మగపిండాలు ఎక్కువగా గర్భంలోనే మరణించడం దీనికి కారణమని భావిస్తున్నారు. గర్భిణులు సొర వంటి పెద్ద వేట చేపలను తగ్గించి చిన్న చేపలు తినవలెనని చెప్పడం ఈ లోహం వలననే.

మాంగనీసు అతి స్వల్పంగా శరీరానికి కావలసినదే. గనులలో, ఉక్కు కర్మాగారాలలో దాని ధూళి ఏళ్ళ తరబడి పీల్చితే మెదడు దెబ్బతింటుంది. చిలీ గనులలో దీనిని "మాంగనీసు పిచ్చి" అని పిలిచేవారు. మొదట అకారణమైన నవ్వు, కోపం, కొందరిలో మితిమీరిన కామేచ్ఛ కనబడి, తరువాత వణుకుతోబాటు నపుంసకత్వం వస్తుంది. బెల్జియం మాంగనీసు కార్మికులకు పిల్లలు తక్కువగా పుట్టినట్లు 1985లో ఒక సర్వే తెలిపింది. ఆర్సెనిక్ అధికంగా గల నీరు త్రాగే బెంగాల్, బంగ్లాదేశ్ ప్రాంతాలలో గర్భస్రావాలు, మృతశిశు జననాలు ఎక్కువగా నమోదయ్యాయి. నల్గొండ జిల్లాలో ఎముకలను వంచిన ఫ్లోరైడు లోహం కాదు. అది జంతువుల సంతానోత్పత్తికి హాని చేస్తుందని కొన్ని ప్రయోగాలు చూపినా మనుషులలో ఇంకా బలమైన ఋజువు లేదు.

భస్మాలు, బలం మందులు

ఆయుర్వేదంలో వాజీకరణము ఒక అంగం. రసశాస్త్రంలో నాగభస్మం అనగా సీసం, వంగభస్మం అనగా తగరం, యశదభస్మం అనగా జింకు. కామోద్దీపకంగా పేరుపొందిన మకరధ్వజంలో పాదరసము, గంధకము, బంగారము చేరుతాయి. శోధన, మారణ క్రియల వలన లోహం విషగుణాన్ని కోల్పోతుందని సంప్రదాయ వైద్యుల అభిప్రాయం. ఆధునిక విషశాస్త్రం దృష్టిలో సీసం మూలకం గనుక ఎంత పుటం పెట్టినా సీసంగానే ఉంటుంది. రూపం మారితే ఇంకే వేగం మారవచ్చును గాని మూలకం మారదు.

బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్లు 2004లో ప్రచురితమైంది. 2008లో అంతర్జాలం ద్వారా తెప్పించిన 193 మందులలో సుమారు 21 శాతం ఇదే విధంగా ఉన్నవి. రసశాస్త్ర మందులలో ఈ నిష్పత్తి 40 శాతం. న్యూయార్కు నగరంలో 2011-12లో ఆరుగురు గర్భిణుల రక్తంలో డెసిలీటరుకు 16 నుండి 64 మైక్రోగ్రాముల సీసం కనబడింది. అందరూ భారతదేశం నుండి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవారే. గర్భానికి మేలు చేస్తాయని నమ్మి వాడినవారు వీరిలో ఉన్నారు. మూలికలతో మాత్రమే చేసిన మందులన్నిటికీ ఈ దోషాన్ని అంటగట్టడం న్యాయం కాదు. కాని గోడలమీద ప్రకటనలు చూసి, చీటీ లేని పొట్లంలో కొనుక్కొన్న పొడిలో ఏమున్నదో కొన్నవానికీ తెలియదు, తరచుగా అమ్మినవానికీ తెలియదు. సిగ్గు వలన వీరు వైద్యునికి చెప్పరు గనుక, కడుపునొప్పి, రక్తహీనతలతో ఆసుపత్రికి వచ్చినప్పుడు అసలు కారణం బయటపడడం ఆలస్యమవుతుంది.

పరీక్షలు, చికిత్స

సీసానికి రక్త పరీక్ష, దీర్ఘకాలంగా చేరిన కాడ్మియానికి మూత్ర పరీక్ష నమ్మదగినవి. జింకుకు రక్తరస పరీక్ష ఉన్నది గాని భోజనము, జ్వరము వలన కూడా ఆ విలువ మారుతుంది. జుట్టు పంపితే ఖనిజాలన్నిటి జాబితా ఇస్తామనే వ్యాపార పరీక్షలు చికిత్స నిర్ణయించడానికి పనికిరావు. మందు ఇచ్చి లోహాన్ని మూత్రంలోకి రప్పించి కొలిచే పద్ధతికి కూడా ప్రామాణికమైన విలువలు లేవు.

చికిత్సలో మొదటి మెట్టు లోహం వచ్చే దారిని మూసివేయడం. భస్మం మానడం, పని స్థలంలో పొగ పోయే ఏర్పాటు, పని బట్టలను ఇంటికి తేకపోవడం ఇందులోనివి. సీసం మోతాదు బాగా ఎక్కువగా ఉంటే దానిని బంధించి మూత్రం ద్వారా పంపే మందులను ఆసుపత్రిలో ఇస్తారు. ఇవి జింకు వంటి అవసరమైన లోహాలను కూడా బయటకు పంపగలవు గనుక సొంతంగా వాడరాదు.

చట్టాలు

లైంగిక శక్తిని పెంచుతామని మందుల ప్రకటనలు చేయడం 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటనలు నేటికీ బస్టాండు గోడలమీద కనబడుతూనే ఉన్నాయి. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుండి ఆగిపోయింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో దీనిని నిలిపివేసింది. ఇండ్లకు వేసే రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదనే నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. పాదరసంపై మినమాత ఒప్పందం 2013లో కుదిరి 2017లో అమలులోకి రాగా, భారతదేశం 2018లో దానిని ఆమోదించింది. పాత బ్యాటరీల సేకరణకు 2001లో వచ్చిన నియమాల స్థానంలో 2022లో కొత్తవి వచ్చాయి.